ఎల్లో ఎన్ని, గ్రీన్ ఎన్ని: ఒక ఆక్వా ల్యాబ్ టెక్నీషియన్ కేసు

పేషెంటు 26 ఏళ్ళ అబ్బాయి. మైక్రోబయాలజీ డిగ్రీ చేసి భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నాడు. మసక లేదు, తలనొప్పి లేదు, కళ్ళు మంటలు లేవు. వచ్చిన కారణం ఒక్కటే. బ్యాక్టీరియాని పెంచే ప్లేట్లలో అతను చదివిన విబ్రియో (రొయ్యకి జబ్బు తెచ్చే రకాలు కూడా ఉన్న బ్యాక్టీరియా) లెక్కా, అదే చెరువు నీళ్ళకి ఇంకో ల్యాబు ఇచ్చిన లెక్కా కలవడం లేదు. మొత్తం కాలనీలు, అంటే ప్లేటు మీద చుక్కల్లా లేచే బ్యాక్టీరియా గుంపులు, రెండు చోట్లా దాదాపు ఒకటే, అందులో ఎల్లో ఎన్ని, గ్రీన్ ఎన్ని అన్న దగ్గరే గొడవ. రైతులు రెండు రిపోర్టులూ పట్టుకుని అడగడం మొదలెట్టాక ల్యాబ్ ఓనరు ముందు బ్యాక్టీరియాని పెంచే మీడియా పౌడరు మార్చారు, తర్వాత ఇంక్యుబేటర్ బాగు చేయించారు, అప్పటికీ తేడా పోకపోతే ‘‘ఓసారి కళ్ళు చూపించుకురారా’’ అని పంపారు. చాలాచోట్ల అయితే మనిషినే మార్చేస్తారు, ఈయన ఆ పని చెయ్యలేదు.

నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించేవాణ్ణి. కేసు రాయడానికి అబ్బాయి ఒప్పుకున్నాడు, అతన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆక్వా తెలియనివాళ్ళకి ఇక్కడ కొంచెం చెప్పాలి. భీమవరం చుట్టుపక్కల ఊళ్ళు ఉండి, ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు, ఏ దారిన వెళ్ళినా వరిచేలతో పోటీగా చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్లు కనిపిస్తాయి. 2009లో వనామి అనే రొయ్య రకానికి అనుమతి వచ్చాక రొయ్య సాగు ఊపందుకుంది, దాంతోపాటు ల్యాబులూ పెరిగాయి. రైతు పొద్దున్నే బాటిల్లో చెరువు నీళ్ళు తెచ్చిస్తాడు. ఆ నీటిని టీసీబీఎస్ అనే ముదురు ఆకుపచ్చ మీడియా మీద పరిచి ఇంక్యుబేటర్లో పెడితే మర్నాటికి కాలనీలు లేస్తాయి. ఆ మీడియాలో పంచదార ఉంటుంది, బ్రోమోథైమాల్ బ్లూ, థైమాల్ బ్లూ అనే ఇండికేటర్లు ఉంటాయి. పంచదార వాడుకోగలిగిన విబ్రియో ఆమ్లం వదులుతుంది, దాంతో కాలనీ, దాని చుట్టూ మీడియా పసుపు రంగుకి మారతాయి. వాడుకోలేనివి ఆకుపచ్చగానే ఉండిపోతాయి. విబ్రియో రకాల్లో ఆల్జినోలిటికస్ ఎల్లోగా వస్తుంది, పారాహీమోలిటికస్ గ్రీన్‌గా వస్తుంది.

రైతు కళ్ళు వెళ్ళేది గ్రీన్ కౌంట్ మీదకే. అది పెరిగిందంటే మేత తగ్గిస్తాడు, శానిటైజరు కొడతాడు, ప్రోబయోటిక్ వేస్తాడు, మరీ టెన్షన్ పడితే రొయ్య సైజు రాకుండానే పట్టుబడి పెట్టేస్తాడు, అంటే చెరువు పట్టేస్తాడు. (ఎల్లో అంతా మంచిది, గ్రీన్ అంతా విషం అనుకోవడం కూడా సరికాదు. ఎల్లోగా వచ్చేవాటిలోనూ రొయ్యని పడగొట్టేవి ఉన్నాయి, గ్రీన్ అన్నీ జబ్బు తేవు. కానీ చెరువు గట్టు మీద నిర్ణయాలు ఈ లెక్క మీదే జరుగుతున్నాయి కాబట్టి లెక్కయినా సరిగ్గా ఉండాలి.)

ఓనరు గారికి మొదట వచ్చిన అనుమానం తీసిపారేసేది కాదు. టీసీబీఎస్ ప్లేట్లని 18 నుంచి 24 గంటల లోపు చదవాలి. ఎక్కువసేపు వదిలేస్తే పంచదార అయిపోయి, ఎల్లో కాలనీలు మళ్ళీ గ్రీన్‌కి తిరగడం ఉంది. అబ్బాయి ఆలస్యంగా చదువుతున్నాడేమో అనుకున్నారు. అయితే అలా జరిగితే తప్పు ఎప్పుడూ ఒకవైపే ఉండాలి, గ్రీన్ ఎక్కువ రావాలి. ఇక్కడ ఒక ప్లేటులో గ్రీన్ ఎక్కువొస్తే ఇంకోదాంట్లో ఎల్లో ఎక్కువొస్తోంది. రెండువైపులా తప్పు జరుగుతోందంటే టైముని కాదు, చదివే మనిషిని చూడాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఉద్యోగంలో చేరి చాలాకాలమైతే ఇప్పుడే ఎందుకు బయటపడింది? అతను మొదటి నుంచీ పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) గదిలో ఉండేవాడు. ప్లేట్లు చదివే అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయాక ఆ పని ఇతనికి వచ్చింది. ‘‘మరి డిగ్రీలో గ్రామ్ స్టెయిన్ ఎలా చేశావయ్యా?’’ అని అడిగితే నవ్వాడు. ఆ పరీక్షలో బ్యాక్టీరియాకి రంగు వేసి ఊదానా, గులాబీనా అని చూస్తారు. ఆ ఊదా, గులాబీ తేడా ఎప్పుడూ సరిగా తెలిసేది కాదట, బ్యాక్టీరియా ఆకారం బట్టీ, పక్కనున్న ఫ్రెండు రికార్డు బట్టీ లాగించేశాడట. చిన్నప్పటి నుంచి ఉన్న లోపం అని నాకు సగం అక్కడే అర్థమైంది. పుట్టుకతో వచ్చినవాళ్ళు తెలివిగా నెట్టుకొస్తారు, ఎందుకంటే వాళ్ళకి పోల్చుకోవడానికి ఇంకో చూపు తెలీదు.

అయినా తర్వాత వచ్చిన లోపం కాదని తేల్చుకోకుండా ముందుకి వెళ్ళకూడదు. రంగుల చూపు తేడా అంటే అందరూ పుట్టుకతోనే అనుకుంటారు. టీబీకి వాడే ఇథాంబుటాల్ కంటి నరాన్ని దెబ్బతీస్తే ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోతాయి. షుగరు వల్ల రెటీనా పాడైతే మామూలుగా నీలం, పసుపు వైపు తేడా వస్తుంది. అందుకే మందులు, షుగరు, పొగాకు, మందు అలవాటు అన్నీ అడిగాను, ఏవీ లేవు. చూపు రెండు కళ్ళకీ 6/6, అద్దాలు అక్కర్లేదు. కంటిపాపలు, రెటీనా, నరం మా డాక్టరు గారు కూడా చూశారు, అంతా శుభ్రంగా ఉంది. రంగుల పరీక్ష ఒక్కో కన్ను మూసి విడివిడిగా చేశాను. పుట్టుకతో వచ్చింది రెండు కళ్ళకీ ఒకేలా ఉంటుంది, జబ్బుతో వచ్చింది తరచూ ఒక కంట్లో ఎక్కువ, ఒక కంట్లో తక్కువ ఉంటుంది. ఇతనికి రెండూ ఒకటే.

ఇషిహారా పుస్తకం గురించి ఒక మాట. జపాన్ కంటి డాక్టరు షినోబు ఇషిహారా 1917లో తెచ్చిన ఈ చుక్కల ప్లేట్లు ఈ రోజుకీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి, కానీ వాడే పద్ధతిలో వాడాలి. 75 సెంటీమీటర్ల దూరం, ఒక్కో ప్లేటుకి 3 సెకన్లు, పగటి వెలుతురు లాంటి కాంతి. నేను చూసిన కొన్నిచోట్ల పసుపు బల్బు కింద, పేషెంటు చేతికే పుస్తకం ఇచ్చి తీరిగ్గా చదివిస్తారు. పసుపు బల్బు కింద ఈ రకం లోపం ఉన్నవాళ్ళు ఉన్నదానికంటే బాగా చదివేస్తారు, అలా ‘నార్మల్’ అయిపోయినవాళ్ళు మా దగ్గరికి మళ్ళీ వస్తుంటారు.

12 ఉన్న మొదటి ప్లేటు చదివాడు, అది అందరూ చదివేదే, కావాలని తప్పు చెప్పేవాళ్ళని పట్టుకోవడానికి పెట్టింది. తర్వాత 8ని 3 అన్నాడు, 29ని 70 అన్నాడు, 74ని 21 అన్నాడు. మామూలు చూపున్నవాళ్ళకి ఏ అంకే కనిపించని ప్లేటు ఒకటుంటుంది, అందులో 45 ఉందన్నాడు. పక్కన నిలబడ్డ వాళ్ళమ్మగారు పుస్తకంలోకి తొంగిచూసి, ‘‘అదేంటండీ, అక్కడేం లేదు కదా!’’ అని కంగారు పడ్డారు. ఏ రకమో చెప్పే ప్లేట్లలో 26లో 2 మాత్రమే చదివాడు, 42లో 4 మాత్రమే చదివాడు. అంటే డ్యూటాన్, రంగులు పట్టే మూడు రకాల రెటీనా కణాల్లో (కోన్‌లు) మధ్య తరంగాల కోన్ వైపు లోపం. మొదటి అంకె పోయి 6, 2 చదివి ఉంటే ప్రొటాన్, అంటే పొడుగు తరంగాల కోన్ లోపం అయ్యేది. తర్వాత ఎదురుగా 15 రంగు బిళ్ళలు పోసి వరసలో పేర్చమన్నాను, దీన్ని డీ-15 అంటారు. తక్కువ లోపం ఉన్నవాళ్ళు ఇది పాసైపోతారు. ఇతను మాత్రం నీలంతో కలిసిన ఆకుపచ్చ బిళ్ళ పక్కన ఊదా బిళ్ళ పెట్టాడు, మళ్ళీ వెనక్కొచ్చాడు. ఆ వరసని కాగితం మీద గీతలుగా గీస్తే అన్నీ అడ్డంగా డ్యూటాన్ దిక్కుకే పోయాయి.

కాబట్టి నిర్ధారణ: పుట్టుకతో వచ్చిన డ్యూటాన్ లోపం, తేలికైనది మాత్రం కాదు. మధ్య కోన్ అసలే లేదా, ఉండి దారి తప్పిందా అన్నది తేల్చాలంటే అనామలోస్కోప్ కావాలి. దాంట్లో 589 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవు) పసుపుకి సరిపోయేలా ఎరుపు, ఆకుపచ్చ కాంతుల్ని కలపమంటారు, ఎవరు ఎంత కలిపారో దాన్నిబట్టి చెప్తారు. మా దగ్గర ఆ యంత్రం లేదు, ఇతని పనికి ఆ తేడా తేలకపోయినా నష్టం లేదు.

‘‘అంటే నాకు రంగులు కనబడవా సార్?’’ అన్నాడు. అతని చొక్కా నీలం, అది నీలమని అతనికి బాగానే తెలుసు. ఇక్కడే చాలామందికి తికమక.

కంటికి కనిపించే కాంతి అంటే దాదాపు 380 నుంచి 750 నానోమీటర్ల మధ్య ఉన్న చిన్న ముక్క. రెటీనాలో పగటి చూపుకి మూడు రకాల కోన్ కణాలున్నాయి, ఒకటి 420 దగ్గర, ఒకటి 530 దగ్గర, ఒకటి 560 దగ్గర గట్టిగా స్పందిస్తాయి. వీటిని నీలం, ఆకుపచ్చ, ఎరుపు కోన్‌లు అనడం అలవాటైపోయింది గానీ 560 ఎరుపు కానే కాదు, పసుపు కలిసిన ఆకుపచ్చ. పొట్టి, మధ్య, పొడుగు తరంగాల కోన్‌లు అనుకుంటే గందరగోళం ఉండదు. అసలు సంగతేంటంటే ఒంటరి కోన్‌కి రంగు తెలీదు. తనలో ఎంత కాంతి ఇంకిందో అదొక్కటే తెలుసు. 530 దగ్గర కొంచెం కాంతి పడినా, 600 దగ్గర బోలెడు కాంతి పడినా అది ఒకే సంకేతం పంపొచ్చు. పక్కపక్క కోన్‌ల సంకేతాల్ని పోల్చి చూసుకున్నప్పుడే రంగు పుడుతుంది. మీ ఫోన్ స్క్రీన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లే ఉంటాయి, పసుపు లైటు లేదు. అయినా అందులో పసుపు పువ్వు పసుపుగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసి మీ కోన్‌లలో పుట్టించే నిష్పత్తి, నిజమైన పసుపు కాంతి పుట్టించే నిష్పత్తి ఒకటే.

మామూలు కంట్లో మధ్య, పొడుగు కోన్‌లకి దాదాపు 30 నానోమీటర్ల ఎడం ఉంటుంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని విడగొట్టేది ఆ ఎడమే. డ్యూటాన్ కంట్లో మధ్య కోన్ ఉండదు, లేదా దాని పిగ్మెంట్ పొడుగు కోన్ పక్కకి జరిగి ఉంటుంది. పట్టుబడి రోజు సరుకుని రెండు వేరే కాటాల మీద తూచారనుకుంటాం గానీ రెండుసార్లూ ఒకే కాటా మీద పెట్టారనుకోండి, తేడా ఎక్కడ తెలుస్తుంది? ఇతని కంట్లో జరిగేది అదే. పొట్టి కోన్ మాత్రం బాగానే ఉంది, అందుకే నీలం, పసుపు తేడా మనకి తెలిసినంతా తెలుస్తుంది. నీలం కలిసిన ముదురు గ్రీన్ కాలనీని ఇతను పట్టుకుంటాడు, ముదురు పసుపునీ పట్టుకుంటాడు. లేత పసుపుకీ, పసుపు తిరిగిన లేత ఆకుపచ్చకీ మధ్య ఉన్నవి వచ్చేసరికి దొరకడు. రెండువైపులా తప్పులు ఎందుకొచ్చాయో, అన్ని ప్లేట్లలో ఎందుకు రాలేదో దీనితో తేలిపోయింది.

‘‘కంట్లో నీళ్ళ రంగు మారిందేమో సార్’’ అని కూడా అడిగాడు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ సరిగ్గా అదే అనుకున్నాడు. 1794లో తన రంగుల చూపు గురించి తనే పేపర్ చదివి, తన కంట్లోని ద్రవం నీలంగా ఉండి ఉంటుందని ఊహించాడు. చనిపోయాక కన్ను కోసి చూడమని చెప్పి పెట్టాడు, 1844లో చూస్తే ద్రవం తేటగా ఉంది. దాచిన ఆ కంటి ముక్క నుంచి 1995లో డీఎన్ఏ తీసి చూస్తే మధ్య కోన్ జన్యువే లేదు. ఈ కథ చెప్పాక అబ్బాయి మొహం కొంచెం తేలికపడింది. అంతటివాడికీ ఉందంటే ఎవరికైనా ధైర్యమే కదా.

వాళ్ళమ్మగారికి మాత్రం బెంగ వేరే. ‘‘మా ఇంట్లో మేనరికాలండీ, మా పెద్దమ్మాయిని మా తమ్ముడి కొడుక్కే ఇచ్చాం. దానివల్లేనా అండీ ఇది?’’

కాదు. ఈ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాడికి ఒకటే ఎక్స్, అది అమ్మ నుంచి వస్తుంది. ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు-ఆకుపచ్చ లోపం ఉంటే, ఆడవాళ్ళలో అరశాతం దగ్గరే ఉంటుంది, కారణం ఇదే, వాళ్ళకి రెండో ఎక్స్ కాపు కాస్తుంది. ఆవిడ నాన్నగారి గురించి అడిగాను. పండుమిరపకాయ పచ్చడికి పెరట్లో కాయలు కోసుకురమ్మంటే పచ్చివీ పండువీ కలిపి తెచ్చేవారట, అమ్మమ్మగారు తిట్టాక చేత్తో నొక్కి మెత్తగా ఉన్నవే కోయడం నేర్చుకున్నారట. ఇంకేం కావాలి! తాతగారి ఎక్స్ ఈవిడకి తప్పకుండా వచ్చింది, ఈవిడ నుంచి కొడుక్కి వచ్చింది. ఈవిడ తమ్ముడికి తండ్రి ఇచ్చింది వై క్రోమోజోమ్, కాబట్టి ఆ ఎక్స్ ఆయన వైపు వెళ్ళనే లేదు. అందువల్ల ఆయన కొడుకుతో జరిగిన పెళ్ళికీ దీనికీ సంబంధం లేదు. లోపం ఉన్న మేనమామ స్వయంగా అక్క కూతుర్ని చేసుకుంటే, ఆ అమ్మాయి కూడా అదే ఎక్స్ మోస్తుంటే మాత్రం ఆడపిల్లల్లో కూడా బయటపడొచ్చు. మన వైపు ఆడపిల్లకి రంగుల తేడా అని తీసుకొస్తే ఈ చుట్టరికం అడగడం నాకు అలవాటు.

ఇక పని సంగతి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ‘రంగులు కనబడే’ కళ్ళజోడు అతను అప్పటికే తెచ్చుకున్నాడు, ధర చెప్పను, బాధేస్తుంది. వాటిలో ఉన్నది కొన్ని తరంగాల్ని కోసేసే ఫిల్టరు. కొన్ని రంగుల మధ్య తేడా పెంచొచ్చు, ఇంకొన్నిటిని కలిపేయొచ్చు, లేని కోన్‌ని తెచ్చిపెట్టలేదు. ఫిల్టరే వాడాలంటే ఈ పనికి ఏది కావాలో ఆలోచించి వాడదాం అన్నాను.

బ్రోమోథైమాల్ బ్లూ ఆమ్లంలో ఉన్నప్పుడు 430 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, అందుకే పసుపుగా కనిపిస్తుంది. క్షారంలో 616 దగ్గర పీల్చుకుంటుంది, అంటే ఎర్రటి కాంతిని తినేస్తుంది. అలాంటప్పుడు ఎర్ర గాజులోంచి చూస్తే పసుపు కాలనీ నుంచి ఎరుపు తిరిగొస్తుంది కాబట్టి మెరవాలి, గ్రీన్ కాలనీ, చుట్టూ ఉన్న గ్రీన్ మీడియా చీకటి పడిపోవాలి. రంగుల తేడా కాస్తా వెలుగు తేడాగా మారుతుంది, వెలుగు తేడా ఇతను ఎవరికీ తీసిపోకుండా చూస్తాడు. బ్యాక్టీరియా ప్లేట్లు క్లినిక్‌కి తేవద్దని చెప్పి, ఆదివారం మా ట్రయల్ సెట్లో మెల్ల పరీక్షకి వాడే ఎర్ర గాజు జేబులో వేసుకుని నేనే ల్యాబుకి వెళ్ళాను. తెల్ల ఎల్‌ఈడీ ప్యానెల్ మీద ప్లేటు పెట్టి చూస్తే పసుపు కాలనీలు నల్లటి నేల మీద లైట్లు వేసినట్టు లేచాయి. అబ్బాయి చాలాసేపు ఆ ప్లేటు వదల్లేదు.

ఒక చిక్కు ఉంది. ఎర్ర గాజులో గ్రీన్ కాలనీలు చీకట్లో కలిసిపోతాయి, వాటిని నేరుగా లెక్కపెట్టలేం. అందుకని మామూలు వెలుతురులో మొత్తం లెక్క, ఎర్ర గాజులో మెరిసేవాటి లెక్క, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే గ్రీన్. కాలనీలు మరీ ఒత్తుగా ఉంటే ఆమ్లం మీడియా అంతా పాకి ప్లేటంతా పసుపు తిరుగుతుంది, అప్పుడు ఏ గాజూ పనికిరాదు, నీళ్ళని ఇంకా పలచన చేసి మళ్ళీ ప్లేటు వెయ్యాల్సిందే. అది కళ్ళు బాగున్నవాళ్ళు కూడా చేయాల్సిన పనే, చాలామంది చెయ్యరు. ఇంకో జాగ్రత్త: ఈ కిటుకు డ్యూటాన్‌కి నప్పుతుంది. ప్రొటాన్‌కి పొడుగు తరంగాల కోన్ దెబ్బతిని ఎరుపే మసకగా కనిపిస్తుంది కాబట్టి వాళ్ళకి గుడ్డిగా ఇవ్వకండి.

తర్వాత కొన్నాళ్ళు ఓనరు గారు ప్లేట్ల మీద పేర్లు తీసేసి నంబర్లు వేసి, ఇతనితో ఒకసారి, కొత్తగా చేరిన అమ్మాయితో ఒకసారి విడివిడిగా లెక్కపెట్టించారు. గాజు లేకుండా చేసినప్పుడు తేడా వచ్చిన ప్లేట్లే గాజుతో దగ్గరకొచ్చాయి. ఇప్పుడు ప్లేట్లు ఇతనే చదువుతున్నాడు, ఎర్ర గాజుని ఒక స్టాండుకి బిగించుకున్నాడు.

మిగతా పరీక్షలు ఒక్కొక్కటే కూర్చుని చూశాం. పీహెచ్ మీటరు, సెలినిటీ (ఉప్పదనం) మీటరు అంకెలు చూపిస్తాయి, బాధ లేదు. ఆల్కలినిటీ (నీటి క్షారత) పరీక్షలో మిథైల్ ఆరెంజ్ అనే ఇండికేటర్ పసుపు నుంచి నారింజకి తిరిగే క్షణం అతనికి దొరకదు, అక్కడ పీహెచ్ మీటరు పెట్టి 4.5 దగ్గర ఆపమన్నాను. హార్డ్‌నెస్ (నీటి కాఠిన్యం) పరీక్షలో ద్రాక్షరంగు నుంచి నీలానికి తిరిగేది కూడా నమ్మకం లేదు, అది అమ్మాయికి ఇచ్చారు. అమ్మోనియా కిట్టులో పసుపు నుంచి ఆకుపచ్చకి పోయే రంగుల కార్డు అయితే ఇతని కోసం కావాలని అచ్చేసినంత దారుణంగా ఉంది. ఎర్ర గాజు అక్కడ పెద్దగా సాయం చెయ్యలేదు, తక్కువ మోతాదుల దగ్గర తేడా మరీ సన్నం. రంగుని అంకెల్లో కొలిచే ఫోటోమీటర్ కొనేవరకు ఆ పని అతను ముట్టుకోకూడదని రిపోర్టులో రాసిచ్చాను.

స్వీడన్‌లో 1875లో జరిగిన రైలు ప్రమాదం తర్వాత హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త ఉన్ని పోగులతో రైల్వే సిబ్బంది రంగుల చూపు పరీక్షించడం మొదలుపెట్టాడు. రంగు చూసి లక్షల పంటకి సలహా చెప్పే ల్యాబుల్లో టెక్నీషియన్‌ని చేర్చుకునేటప్పుడు ఆ పరీక్ష చేయించడం నేను ఇక్కడ ఇప్పటివరకు చూడలేదు. పది నిమిషాల పని. చేయించి ఉద్యోగం తీసేయమని కాదు, ఎవరికి ఏ పరీక్ష ఇవ్వాలో తెలుసుకోమని. డ్రైవింగ్ లైసెన్స్ నిబంధనలే 2020లో మార్చి, తక్కువ, మధ్యస్థ లోపం ఉన్నవాళ్ళకి అనుమతి ఇచ్చారు, ల్యాబులో కూర్చునే పనికి అంతకంటే కఠినంగా ఉండాల్సిన అవసరం లేదు.

అబ్బాయి వాళ్ళక్కకి నాలుగేళ్ళ కొడుకు ఉన్నాడు. ఆవిడకి తాతగారి ఎక్స్ వచ్చే అవకాశం సగం, వస్తే పిల్లాడికి సగం. అంకెలు రాని పిల్లలకి వేలితో గీత వెంట పోయే ప్లేట్లు అదే పుస్తకంలో ఉన్నాయి. బడిలో రంగుల పెన్సిళ్ళు పట్టేలోపు తీసుకురమ్మన్నాను, సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు తెస్తామన్నారు.